సీసా మీద నలుగు

నాకు పేర్లు పెట్టడం అలవాటు. ఈ మాటని మా చుట్టాలు ఇంకో అర్థంలో వాడతారు. పెళ్లికెళ్తే సాంబారుకి పేర్లు పెడతాడు, శుభలేఖ చేతికిస్తే అచ్చుతప్పులకి పేర్లు పెడతాడు అని చెప్పుకుంటారు. అదీ నిజమే, కాదనను. అచ్చుతప్పు కనిపిస్తే నాకు అన్నం సయించదు. కానీ నేను చెప్పేది అసలు సిసలు పేర్లు పెట్టడం గురించి. నేను కాకినాడలో తెలుగు లెక్చరర్ని. నా పేరు పేర్రాజు. మా స్కూటర్ పేరు ఐరావతం, వాషింగ్ మెషీన్ పేరు చాకిరేవు. మా అమ్మాయి పేరు ఇందీవర. అంత మంచి పేరు పెడితే అందరూ ఇందూ అని పిలిచి పాడుచేశారు.

మా ఆవిడ శేషుకుమారి శాస్త్రవేత్త. ఉప్పుటేటి పక్కనున్న పరిశోధనశాలలో పనిచేస్తుంది. పడవల నూనె దిగి నల్లబడిపోయిన ఏటి బురదని బాగుచెయ్యడం ఆవిడ పని. దానికోసం కొన్నేళ్లు కష్టపడి ఒక పదార్థం తయారుచేసింది. కాగితాల మీద దానికో పేరుంది. కొన్ని ఇంగ్లీషు అక్షరాలు, కొన్ని అంకెలు, మధ్యలో ఒక అడ్డగీత.

“ఇది పదార్థమా, లారీ నంబరా?” అన్నాను.

“పోనీ మీరే పెట్టండి” అంది విసుగ్గా.

విసుగ్గా అన్నా అన్నదే కదా. మర్నాడే లాబ్‌కి వెళ్లాను. ఒక గాజుతొట్టిలో తారులాంటి నీళ్లున్నాయి. అందులో తోక చిరిగిన చేప ఒకటి నీరసంగా తిరుగుతోంది. శేషు ఒక సీసాలోంచి పసుప్పచ్చటి ముద్ద చెంచాడు తీసి ఆ నీళ్లలో కలిపింది. నేను కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకునేసరికి నీళ్లు తేటపడ్డాయి. నూనంతా ఉండలు కట్టి అడుక్కి దిగింది. కాఫీ తాగొచ్చి చూస్తే చేప తోక చిరుగు సగం పూడింది.

“ఇదెలా సాధ్యం?” అన్నాను.

“చూడ్డానికి ముద్దలా ఉంది గానీ ఇదంతా గింజలండీ. ఒక వెంట్రుకని నిలువునా కొన్ని వేల పాయలు చేస్తే ఒక పాయ ఎంతుంటుందో, అంత గింజ. ఒక్కోదానికి ఒంటినిండా బొరియలు. తగిలినదాన్నల్లా తడిమి చూస్తుంది. పరాయి సరుకైతే బొరియలోకి లాగేసుకుంటుంది. తెగిన చోటు తగిలితే రెండంచులూ పట్టుకుని దగ్గరికి చేర్చి, బాగుచేసుకోమని ఒంటికి కబురు పెడుతుంది. దానికి తెలిసినవి ఈ రెండే. పరాయిది పోవాలి, తెగింది అతకాలి.”

నేను ఆ ముద్దని వేలితో తీసుకుని చూశాను. అచ్చం తడిపిన శనగపిండి. రాసి రుద్దితే మురికంతా తీసుకుని ఉండలుగా రాలిపోయింది. నా వేలి మీదున్న సిరా మరక కూడా పోయింది.

“దీని పేరు నలుగు” అని ప్రకటించాను.

ఆ మధ్యాహ్నమే లాబ్‌లో ఉన్న సీసాలన్నిటికీ నా చేత్తో చీటీలు రాసి అంటించాను. నా దస్తూరి గుండ్రంగా, ఎవరికైనా చదవబుద్ధేసేలా ఉంటుంది. ఆ పేరు మంచి పేరు. జరిగిందంతా జరిగాక కూడా నేను ఇదే అంటాను.

చేపల తర్వాత ఎలకల వంతు వచ్చింది. లాబ్ ఎలకలకి పేర్లుండవు. నన్ను పెట్టనివ్వలేదు. ఏ ఎలక ఏదో తెలియడానికి చెవులకి చిన్న చిన్న చిల్లులు పొడుస్తారు. ఈ చెవికి ఒక చిల్లు ఉంటే ఒక నంబరు, ఆ చెవికి ఉంటే ఇంకో నంబరు. వాటి వీపు మీద గాయాలకి నలుగు రాశారు. గాయాలు చక్కగా మానాయి. వాటితో పాటు చెవుల చిల్లులూ పూడిపోయాయి. ఏది ఏ ఎలకో తెలియక లాబంతా గగ్గోలు పెడుతుంటే శేషు మాత్రం ఇంటికొచ్చి సేమ్యా పాయసం చేసింది.

“చెవి చిల్లు పూడటమంటే మాటలు కాదండీ. జాడ కూడా లేదు” అంది.

ఇద్దరం మారు వడ్డించుకుని మరీ తిన్నాం. చెవులకి చిల్లులున్నవి ఎలకలు మాత్రమే కాదన్న సంగతి ఆ పాయసం గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ తర్వాతా తట్టలేదు.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ పేరు నూకరత్నం. ఆవిడ నోటి వెంట మా నాన్నగారి పేరు ఎవరూ వినలేదు. మొగుడి పేరు పలకకూడదని ఆవిడ కాలంలో ఆడవాళ్లకి ఒక పట్టింపు ఉండేది. మిగతావాళ్లు ఏదో మొహమాటానికి పాటించేవారు. మా అమ్మ వ్యాకరణంలా పాటించింది. నాన్నగారి పేరు సత్తిరాజు. అందుకని మా ఇంట్లో సత్తుగిన్నెని తెల్లగిన్నె అనాలి. అన్నవరం సత్యనారాయణస్వామి కొండమీదాయన. నా చిన్నప్పుడు కథ చెబితే ‘అనగనగా ఒక మంత్రిగారి యజమాని’ అని మొదలుపెట్టేది. ఆ యజమాని ఎవరో నాకు బళ్లో చేరాక గానీ తెలియలేదు.

నాకు పేర్రాజు అని పేరు పెట్టింది మా తాతయ్య. కోడలి ఇబ్బంది ఆయన ఆలోచించలేదు. నా పేరులో చివరి సగం అమ్మ పలకకూడదు. అందుకని పుట్టిన దగ్గర్నుంచీ నన్ను ‘పేరూ’ అని పిలుస్తుంది. వాడకట్టులో అందరి పిల్లలకీ పేర్లుండేవి. నాకు మాత్రం పేరు అనే మాట ఉండేది.

మరి బ్యాంకులోనో ఆసుపత్రిలోనో భర్త పేరు అడిగితే ఎలా? దానికి అమ్మ దగ్గర ఏర్పాటుంది. ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు. మాట్లాడకుండా చెయ్యి చాపేది. అవతలివాళ్లు వంగి చదువుకునేవారు. అమ్మకి చదువు రాదు. పెళ్లైన కొత్తలో తీర్థంలో పొడిపించుకుందట. పచ్చబొట్టు పొడిచే ఆవిడ ‘ఏం పేరమ్మా’ అని అడిగితే అమ్మ చెప్పదు కదా. వెంట వచ్చిన తమ్ముడు, అంటే మా మేనమామ, నేల మీద పుల్లతో రాసి చూపించాడు. ఆయన అప్పుడు రెండో తరగతి. దీర్ఘాలు ఇంకా పట్టుబడలేదు. దాంతో సత్తిరాజు కాస్తా ‘సత్తిరజు’ అయి కూర్చున్నాడు.

నాకు చదవడం వచ్చిన దగ్గర్నుంచీ ఆ లేని దీర్ఘం నన్ను కాల్చుకు తినేది. ప్రపంచంలో అచ్చుతప్పులన్నీ దిద్దుకుంటూ పోతుంటే సొంత ఇంట్లో, సొంత తండ్రి పేరులో ఒకటి! కాలేజీలో చేరిన ఏడాది అమ్మ నిద్రపోతుంటే బాల్‌పెన్ను తీసుకుని దీర్ఘం పెట్టబోయాను. మెలకువ వచ్చి వీపు మీద ఒక్కటిచ్చింది.

“ఆయన చూసి నవ్వింది ఈ పేరునేరా. నువ్వు దిద్దక్కర్లేదు” అంది.

నాన్నగారు ఉప్పుటేట్లో లాంచీ నడిపేవారు. ఆయన పోయిన దగ్గర్నుంచీ అమ్మ రోజూ స్నానం కాగానే ఆ చేతికి కొబ్బరినూనె రాసి, వెలుతురులోకి తిప్పి, ఆకుపచ్చ రంగు తేలిందో లేదో చూసుకునేది. ఆ తర్వాతే కాఫీ.

ఇందూ పెళ్లి కుదిరింది. పెళ్లి దగ్గర పడ్డాక లాబ్ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. నలుగు చల్లగా ఉండాలి. శేషు ఒక సీసా ఇంటికి తెచ్చి మా ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె వెనకాల పెట్టింది. సీసా మీద నా చీటీ ఉంది.

సరిగ్గా పెళ్లి ముందురోజు లాబ్‌కి కమిటీ వస్తామంది. ఆసుపత్రుల్లో మనుషుల మీద నలుగు వాడి చూడటానికి అనుమతి ఇవ్వాల్సిన కమిటీ అది. ఆ పొద్దున్నే ఇంట్లో ఇందూని పెళ్లికూతుర్ని చెయ్యాలి. మా అక్క బంగారమ్మ ముందు గదిలో నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“కన్నతల్లివి, నువ్వు లేకుండా పిల్లకి నలుగెలా పెడతాం? పెళ్లికంటే ఎలకలెక్కువా నీకు?”

“గంటలో వచ్చేస్తాను వదినా. మీరు కానివ్వండి” అని శేషు నన్ను తీసుకుని ఐరావతం ఎక్కింది.

లాబ్‌లో కమిటీ పెద్దాయన ఒక ఎలకని కిటికీ వెలుతురులో పెట్టుకుని, దాని చెవిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“చిల్లు ఉండేదన్న జాడే లేదే! అమోఘం!” అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ చప్పట్లలోనే నా ఫోన్ మోగింది.

“ఒరే తమ్ముడూ! ఇందూ చెవులు పూడుకుపోయాయిరా!” మా అక్క గొంతు ఫోన్ అక్కర్లేకుండానే వినిపించేలా ఉంది.

“చెవులు పూడుకుపోవడమేంటే? జలుబు చేసిందా?”

“జలుబు కాదురా నీ మొహం! చిల్లులు! బుట్టలు పెడదామని చూస్తే చెవులకి చిల్లుల్లేవు. ముక్కుపుడక చిల్లూ లేదు. నిన్న పొద్దుటంతా కూర్చుని పెట్టిన గోరింటాకు, అదీ లేదు. అరచేతులు సుద్దముక్కల్లా ఉన్నాయి. నలుగు పెట్టి నీళ్లు పోశామంతే!”

“ఏ నలుగు?”

“ఫ్రిజ్‌లో మీ ఆవిడ చేసి పెట్టిందిగా! సీసా మీద పేరు కూడా రాసి! నేను కలిపిన పిండి గరుగ్గా ఉందని పిల్ల అంటే, అబ్బ, శేషుకి ఎంత ముందుచూపో అని మెచ్చుకుని మరీ వాడాను.”

మా అక్క శేషుని మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ సంగతి శేషుకి చెప్పి సంతోషపెట్టే సమయం కాదని నాకు తోచింది. కానీ ఆవిడ అంతా వింది. తన చేతిలో ఉన్న ఇంకో ఎలక చెవివంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, దాన్నీ పెద్దాయన చేతిలో పెట్టి బయటికి నడిచింది.

దారిపొడుగునా ఆవిడ తనలో తనే మాట్లాడుకుంది. “చెవిపోగు చిల్లు దాని దృష్టిలో గాయమే. గోరింటాకు పరాయి సరుకే. నాకెందుకు తట్టలేదు? ఎందుకు తట్టలేదు?”

“చీటీ చదివే కదా వాడారు. చదవడం తప్పు కాదు, రాయడమూ తప్పు కాదు” అన్నాను.

ఐరావతం ఆగకముందే దిగి ఇంట్లోకి పరుగెత్తింది.

ఇంట్లో హాలు మధ్య ఇందూ పీట మీద కూర్చుని ఉంది. ఆ పీట మీద ఉండాల్సిన ఎర్రరంగు పద్మం కూడా తుడిచిపెట్టుకుపోయింది. కొత్తగా చిత్రిక పట్టినట్టుంది. పక్కన కంసాలి ఆచారిగారు సూది పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

“మేస్టారండీ, ఈ పాపకి చిన్నప్పుడు చెవులు కుట్టింది నేనేనండి. ఆయ్, ఇలాటి చెవులు నేనెక్కడా చూళ్లేదండి బాబూ. ఇటు పొడుత్తుంటే అటు పూడిపోతందండి! చూడండి కావాలంటే” అని ఒక చెవి పొడిచాడు. చెవిపోగు అందుకుని వెనక్కి తిరిగేసరికి చిల్లు లేదు.

“నాన్నా, ఇంకెన్నిసార్లు పొడుస్తారు నన్ను?” అంది ఇందూ ఏడుపు గొంతుతో.

మా అక్క నా ముందుకొచ్చి నుదురు చూపించింది. మిగిలిన నలుగు ఎందుకు పారబొయ్యాలని మొహానికి పట్టించుకుందట. బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. కానీ నలుగు తగిలిన మేర జుట్టు రంగు వదిలిపోయి, ముందువైపంతా నెరుపు బయటపడింది.

“పెళ్లివారు రేపు నన్ను పెళ్లికూతురికి నాన్నమ్మ అనుకుంటారురా!” అని గోల పెట్టి, మళ్లీ గొంతు తగ్గించి, “బూరెలు వండుతుంటే కాలిన మచ్చ మాత్రం పోయిందిరోయ్, ఇదిగో చూడు” అంది.

శేషు ఎవరి మాటా వినడం లేదు. వంటింటి వైపు చూసి గట్టిగా అడిగింది. “వదినా, చింతపండు ఎంతుంది?”

“పులిహోరకి నానబెట్టాం. బేసినుడుంది.”

“మొత్తం పట్రండి.”

పులుపు తగిలితే ఆ గింజలు పట్టు వదిలేస్తాయట. లాబ్‌లో చేతులు కూడా పులుపు నీళ్లతోనే కడుక్కుంటారట. ఇందూకి చెవులకీ, ముక్కుకీ, చేతులకీ చింతపండు గుజ్జు దట్టంగా పట్టించి నీళ్లు పోశారు. ఆచారిగారు దేవుడికి దణ్ణం పెట్టుకుని మళ్లీ పొడిచాడు. అందరం చెవి మీదకి వంగి చూశాం. చిల్లు నిలిచింది. ఆచారిగారు కళ్లొత్తుకున్నాడు. ఆ పెళ్లిలో పులిహోర చప్పగా ఉంది. దానికి నేను పేర్లు పెట్టలేదు.

“హమ్మయ్య. ఇంకెవరికైనా తగిలిందా?” అంది శేషు.

ఇందూ మొహం పాలిపోయింది. “నాన్నమ్మకి” అంది మెల్లిగా.

జరిగింది ఇది. నలుగు మొదట నాన్నమ్మే పెట్టాలని ఇందూ పట్టుబట్టింది. భర్త లేనివాళ్లు శుభకార్యంలో ముందు చెయ్యి వెయ్యకూడదని మా అక్క అడ్డుపడింది. “అయితే నాకసలు నలుగే వద్దు” అని ఇందూ పీట మీంచి లేచి నిలబడిందట. మా అక్క తగ్గక తప్పలేదు. అమ్మ భయపడుతూ భయపడుతూ వచ్చి మనవరాలికి నలుగు పెట్టింది. ఆ సంతోషంలో ఇందూ తిరిగి నాన్నమ్మ చేతులకి మోచేతులదాకా నలుగు పూసి నవ్వించిందట. నలుగులో అలా ఆడుకోవడం మామూలే. ఆ పొద్దున మా ఇంట్లో జరిగిన మంచిపని అదొక్కటే, దాని వల్లే ఇదంతా వచ్చింది.

అమ్మ పెరట్లో బట్టల రాయి మీద కూర్చుని ఉంది. ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసుకుంటోంది. శేషు గుజ్జు గిన్నెతో పరుగెత్తింది. ముంజేతి మీద ‘స’ అక్షరం ఆఖరి వంపు ఒకటి సన్నగా కనిపిస్తోంది. శేషు గుప్పెడు చింతపండు తీసి దాని మీద అదిమింది. కడిగి చూస్తే అదీ లేదు. చెయ్యంతా నున్నగా, తెల్లగా, చిన్నపిల్ల చెయ్యిలా ఉంది.

అమ్మ నావైపు చూసింది. “పేరూ, పేరు పోయిందిరా” అంది.

నేను ఏమన్నానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్తాను. “మళ్లీ పొడిపిద్దాం లేమ్మా. ఈసారి దీర్ఘంతో” అన్నాను. శేషు నన్ను చూసిన చూపుకి నా నోరు దానంతటదే మూతపడింది.

“కొత్తది నాకెందుకురా? ఆయన చూడని పేరు” అంది అమ్మ. తర్వాత శేషు వైపు తిరిగి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. “ఎక్కడికెళ్లింది అమ్మాయ్ అది?”

“ఆ గింజలు లాగేసుకున్నాయి అత్తయ్యా. నీళ్లతో పాటు తూములోకి వెళ్లిపోయింది. అక్కణ్ణించి కాలవలోకి, ఉప్పుటేట్లోకి.”

“ఆయన లాంచీ తిరిగింది అక్కడే కదా” అంది అమ్మ. నవ్వబోయింది. కుదరలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. “పుండనుకుందా అమ్మా అది? పుండు కాదే. పేరే అది.”

శేషు మోకాళ్ల మీద కూర్చుని ఆ చేతిని పట్టుకుంది. “దానికి గాయమంటే నేర్పాను అత్తయ్యా. గుర్తంటే నేర్పలేదు. నాకే తట్టలేదు” అంది.

“చదువు రాదు, రాసుకోలేను. నోటితో అనను. రేపు ఎవరైనా అడిగితే ఏం చూపించను? నేను పోయేదాకా ఆయన నా చేతి మీదే ఉంటాడనుకున్నాను” అంది అమ్మ.

నాకు చాలా బాధేసింది. ఆ దీర్ఘం లేని పేరు, ఇన్నేళ్లూ నేను దిద్దాలనుకున్న పేరు, అలాగే తప్పుగా తిరిగొస్తే చాలనిపించింది.

ఈలోగా చుట్టాలు పెరటి గుమ్మంలో చేరారు. అమ్మ చెయ్యి చూసి పక్కింటావిడ బుగ్గన వేలేసుకుంది. “ఒక్క ముడతైనా లేదు చూడండి! బంగారమ్మగారూ, ఆ సీసాలో ఇంకేవన్నా మిగిలిందాండీ?” అంది. మా అక్క, నా మోకాలి నొప్పికి కూడా కాస్త కావాలన్నట్టు, మోకాలు పట్టుకుని వంగింది. శేషు లేచి వెళ్లి ఆ సీసా తెచ్చి, అందరూ చూస్తుండగా అడుగున మిగిలిందంతా చింతపండు బేసిన్‌లో కుమ్మరించింది. తర్వాత ఫోన్ అందుకుని కమిటీ పెద్దాయన్ని పిలిచింది.

“సార్, అనుమతి కాగితం మీద సంతకం పెట్టకండి. ఆపండి.”

“అదేంటమ్మా! ఎలక చెవి అద్భుతంగా ఉంది కదా!”

“మా అత్తగారి చెయ్యి కూడా అద్భుతంగానే ఉందండి. అందుకే ఆపమంటున్నాను” అని పెట్టేసింది. ఇన్నేళ్ల కష్టం ఒక్క మాటతో వెనక్కి నెట్టుకున్న మనిషి, ఆ వెంటనే వంటింట్లోకెళ్లి పులిహోరకి డబ్బా అడుగున మిగిలిన కాస్త చింతపండు నానబెట్టింది.

మర్నాడు పొద్దున్నే ముహూర్తం. ఇందూ చెవులు ఎర్రగా వాచి ఉన్నా బుట్టలు బాగానే వేలాడుతున్నాయి. మా అక్క నెరుపు మీద పూలదండ కప్పుకుని హుందాగా తిరుగుతోంది. అమ్మ మాత్రం వెనకెక్కడో కుర్చీలో, ఎడమచెయ్యి పమిటలో దాచుకుని కూర్చుంది. పొద్దుట కొబ్బరినూనె రాసుకోలేదు. కాఫీ కూడా తాగలేదని శేషు చెప్పింది. ఇందూ పీటల మీంచే పిలిచి, నాన్నమ్మ పక్కన లేకపోతే తను జీలకర్ర, బెల్లం ముట్టనని బెదిరించి ముందుకి రప్పించింది.

పంతులుగారికి చెవుడు. అందుకని ఆయనకి మైకు కావాలి, ఎదుటివాళ్లకీ మైకు పెట్టి మాట్లాడిస్తాడు. ప్రవర చెప్పడానికి గొంతు సవరించుకుని, “పెళ్లికూతురి తాతగారి పేరు?” అని మైకు నా నోటి దగ్గర పెట్టాడు.

నేను నోరు తెరిచాను. శేషు నా కాలి మీద కాలేసి నొక్కింది. “అత్తయ్యగారిని అడగండి పంతులుగారూ” అంది గట్టిగా.

ఈవిడకి మతిపోయిందా అనుకున్నాను. పంతులుగారు మైకు అమ్మ వైపు తిప్పాడు. “చెప్పండమ్మా. మీవారి పేరు?”

అమ్మ అలవాటుగా పమిటలోంచి ఎడమచెయ్యి తీసి ముందుకి చాపింది. పంతులుగారు కళ్లజోడు సర్దుకుని, వంగి, ఆ చేతిని పైనుంచి కిందిదాకా వెతికాడు.

“ఏమీ లేదేంటమ్మా ఇక్కడ?” అన్నాడు. మైకులో ఆ మాట హాలంతా వినిపించింది.

సన్నాయివాళ్లు కూడా ఆగిపోయారు. పేరు నా గొంతుదాకా వచ్చింది. శేషు కాలు ఇంకా తియ్యలేదు. అమ్మ తన ఖాళీ చేతివంక చూసుకుంది. మనవరాలి వంక చూసింది. ఇందూ ఆ చేతిని తీసుకుని తన చేతుల్లో పెట్టుకుంది.

“సత్తి…” అని ఆగింది అమ్మ. పెదాలు తడుపుకుంది. హాల్లో ఎవరో పిల్ల ఏడిస్తే తల్లి నోరు మూసింది.

“సత్తిరాజు” అంది.

దీర్ఘంతో అంది. నిండుగా, ఏటి అవతలి ఒడ్డునున్న మనిషిని పిలిచినట్టుగా అంది. పంతులుగారు మైకు ఇంకాస్త దగ్గరికి పెట్టాడు. నేను పుస్తకాల నిండా దిద్దుకుంటూ తిరిగిన దీర్ఘం ఇన్నాళ్లూ ఆవిడ దగ్గరే భద్రంగా ఉంది, ఆవిడ ఎవరికీ చెప్పలేదంతే.

“సత్తిరాజుగారండి” అని మళ్లీ అంది అమ్మ, ఎవరూ అడక్కపోయినా. “లాంచీ నడిపేవారండి. సత్తిరాజుగారంటే ఏటి మీద అందరికీ తెలుసండి.” ఆ మాట అనడంలో ఏదో రుచి దొరికినట్టు ఆవిడ మొహం వెలిగిపోయింది. వెనకెక్కడో మా మేనమామ, ఆ రెండో తరగతి పిల్లాడు, పెద్దగా ముక్కు చీదుకున్నాడు.

పంతులుగారు మైకు తనవైపు తిప్పుకోవడం మరిచిపోయి ప్రవర అందుకున్నాడు. నా చేతిలో పళ్లెం ఉంది, ఎదురుగా అల్లుడి కాళ్లున్నాయి. నాకేమీ కనిపించడం లేదు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. మైకు ఇంకా అమ్మ దగ్గరే ఉందని ఎవరూ గమనించలేదు.

“ఒరే పేర్రాజూ!” అని హాలు దద్దరిల్లింది. “ఆ ఏడుపాపి కాళ్లు కడగరా, అవతల ముహూర్తం దాటిపోతంది!”

అందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. నేను మాత్రం పళ్లెం పట్టుకుని అలాగే ఉండిపోయాను. మా అమ్మ నోట నా పేరు పూర్తిగా వినడం అదే మొదటిసారి. దీర్ఘంతో సహా.